మూడు నియమాలు: ఒంగోలు మాదిగ క్రైస్తవుల చరిత్ర

ధైర్యమనగానే చరిత్రకారుల దృష్టి సాధారణంగా యుద్ధభూమి మీదికో, ఉరికంబం మీదికో పోతుంది. మతచరిత్రలో సైతం ఇదే వాడుక. సింహాల నోట పడినవారు, చితిమంటలలో ప్రాణాలు వదలినవారు, దేశాలు విడిచి పోయినవారు గ్రంథాలకెక్కినారు. తాను పుట్టిన ఊళ్ళోనే, తనకు కళ్ళంలో గింజలు కొలిచే ఆసామి ఎదుటనే నిలబడి, "ఇకమీదట ఈ పని చేయను" అని చెప్పగలిగిన మనిషి ధైర్యానికి మాత్రం గ్రంథాలలో చోటు తక్కువ. అటువంటి ధైర్యం తెలుగునాట ఒక సీమలో, ఒక కులం వారిలో, పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో విస్తృతంగా కనిపించినది. ఆ సీమ ఒంగోలు. ఆ జనం మాదిగలు. వారు క్రైస్తవ మతాన్ని స్వీకరించిన విధము, అందుకు చెల్లించిన మూల్యము తెలుగు సాంఘిక చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం. దానిని మిషనరీ విజయగాథగా కొందరు, కరువునాటి గంజికథగా మరికొందరు చెప్పుకొనడమే కాని, ఆ మనుష్యుల వైపు నుంచి తూచి చూసినది అరుదు.

ఆ చరిత్ర తెలియాలంటే ముందుగా ఆనాటి పల్లెలో మాదిగవాని స్థానమేమిటో తెలియాలి. చచ్చిన పశువును ఊరి వెలుపలికి ఈడ్చడం, దాని తోలు ఒలిచి పదును చేయడం, కపిలకు తొండము, బానలు, ఎద్దులకు పలుపులు, రైతుకు చెప్పులు కుట్టి ఇవ్వడం అతని వృత్తి. గ్రామదేవత జాతరకు డప్పు కొట్టడం, చాటింపు వేయడం, అధికారి వచ్చినప్పుడు మూట మోయడం అతని విధి. ఇందుకు ప్రతిఫలం రొక్కం కాదు. పంటల వేళ కళ్ళంలో కొలిచే మేర, చచ్చిన గొడ్డు మాంసం, పండుగనాడు పెట్టే కూడు. ఊరిబావి అతనిది కాదు, ఊరిగుడి అతనిది కాదు. ఊరి వెట్టి మాత్రం సంపూర్ణంగా అతనిదే. అయినా అతడు లేనిదే వ్యవసాయం సాగదు. తోలుతొండము లేని కపిల నీరు తోడదు. డప్పు లేని జాతర కదలదు. ఇట్లా ఊరు అతనిమీద ఆధారపడి ఉండెను. అతని కడుపు ఊరిమీద ఆధారపడి ఉండెను. ఈ రెండవ ఆధారమే అతని మెడకు కట్టిన పలుపు.

ఈ సీమకు అమెరికా బాప్తిస్టులు వచ్చిన వృత్తాంతం సుదీర్ఘమైనది. శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో విశాఖపట్టణం చేరి, 1840లో నెల్లూరిలో స్థిరపడినాడు. తరువాతి ఇరువది ఏళ్ళలో ఫలితం వ్రేళ్ళమీద లెక్కింపదగినంత. ఈ తెలుగు మిషనును మూసివేయడమా, సాగించడమా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్కించుకొన్నారు. 1853లో ఆ ప్రశ్న మళ్ళీ తలయెత్తినది. ఆ సందర్భంలోనే దీనికి "ఒంటరి నక్షత్రం" అనే పేరు పడి స్థిరపడినది. 1854 జనవరి 1వ తేదీ ఉదయాన లైమన్ జూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండ యెక్కి, ఈ ఊరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించినారు. నేటికీ ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరున్నది. వారు కోరిన బోధకుడు పదకొండేళ్ళకు గాని రాలేదు. 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టిన జాన్ ఎవరెట్ క్లౌ యౌవనంలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. ఆ కొలతల విద్య తరువాత ఒక కరువులో వేలమందికి అక్కరకు వచ్చినది.

అయితే ఒంగోలు ఉద్యమానికి ఆదిపురుషుడు క్లౌ కాడు, ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు నివాసియైన ఈ మాదిగ పెద్ద తోళ్ళ వర్తకుడు. నిరక్షరాస్యుడే కాని అజ్ఞాని కాడు. రాజయోగ సంప్రదాయంలో సాధన చేసి, తన వారిలో గురుస్థానం పొందినవాడు. మాదిగపల్లెలలో ఆధ్యాత్మిక జిజ్ఞాస మిషనరీల రాకతో మొదలైనది కాదనడానికి అతని జీవితమే ప్రమాణం. అచల, రాజయోగ మార్గాలు, వీరబ్రహ్మంగారి సంప్రదాయము అప్పటికే ఆ పల్లెలలో కులానికి అతీతమైన దేవుణ్ణి గూర్చిన మాటలు వినిపించియుండెను. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాన గోదావరి ప్రాంతానికి పోయినప్పుడు పేరయ్య అక్కడి బోధకుల నోట క్రీస్తు వృత్తాంతం వినినాడు. విని ఊరుకొనలేదు, ఇంటికి వచ్చి, దానిని తన వారికి చెప్పి, ఆ మతం తెలిసినవారికోసం వెదకుకొంటూ తానే వెళ్ళినాడు. 1866 మార్చిలో అతడు, అతని భార్య నాగమ్మ బాప్తిస్మం పొందినారు. అప్పటికి తాళ్ళకొండపాటిలో మిషనరీ ఎవరూ అడుగుపెట్టి యుండలేదు. కనుక ఆ పల్లెలకు సువార్తను మోసికొనిపోయినది తోళ్ళమూట మోసిన భుజమే.

1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడినది. అదే నెలలో పేరయ్య పిలుపుమీద క్లౌ తాళ్ళకొండపాటికి పోయి, చింతతోపులో గుడారం వేసినాడు. చుట్టుపట్ల పల్లెలనుంచి మాదిగలు వచ్చి ఐదు దినాలు కూర్చుండి వినినారు. చివరకు 28 మంది బాప్తిస్మం పొందినారు. ఈ వార్త ఒంగోలు పట్టణానికి చేరగానే చిక్కు వచ్చినది. అప్పటికే అగ్రవర్ణాలవారు కొందరు మిషను బడికి తమ పిల్లలను పంపుతూ, బోధను ఆదరిస్తూ ఉండినారు. మాదిగలను చేర్చుకొంటే తాము రామని వారు చెప్పినారు. సంఖ్యాబలము, గౌరవము, ధనసహాయము అన్నీ ఒక వైపున ఉండెను; తోలు వాసన వదలని కొద్దిమంది మనుష్యులు మరొక వైపున. క్లౌ, ఆయన భార్య ఆ రాత్రి వేరువేరుగా బైబిలు తెరువగా, దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకొన్నాడని చెప్పే కొరింథీయుల పత్రికలోని భాగమే ఇరువురి కంటా పడినదని ఆ కుటుంబం చెప్పుకొన్న కథ. కథ మాట ఎట్లున్నా, నిర్ణయం మాత్రం చరిత్ర. మాదిగలను స్వీకరించినారు, అగ్రవర్ణాల పిల్లలు బడి విడిచి పోయినారు.

సంఘంలో చేరగోరినవారికి విధించిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజింపరాదు. పైకి చూస్తే ఇవి ఏ మతంలోనైనా ఉండదగిన సామాన్య విధినిషేధాలే. ఒకటి దినానికి, ఒకటి తిండికి, ఒకటి ఆరాధనకు సంబంధించినవి. కాని ఆ పల్లెలో వాటి అర్థం వేరు. వేదాంతాన్ని అటుంచి గ్రామ ఆర్థిక వ్యవస్థలో పెట్టి చూసినప్పుడు ఈ మూడు నియమాలు ఎంత దూరం పోయినవో తెలుస్తుంది.

మొదటిది ఆదివారపు విశ్రాంతి. మాదిగవాని దినాలు అతనివి కావు. కోతలు, నూర్పిళ్ళు, కపిల తోలడం, ఏది ఎప్పుడు చేయాలో నిర్ణయించేది ఆసామి. ఏడు దినాలలో ఒక దినం నాది అని పాలికాపు చెప్పడమంటే, తనకు సొంతమైన కాలమంటూ కొంత ఉన్నదని చెప్పడమే. వెట్టికి ఆధారమైన భావన అతడు సర్వకాలాలలోను సిద్ధంగా ఉండవలసినవాడనేది. ఆ భావనకే ఈ నియమం గండి కొట్టినది. పంట నేలరాలుతున్న వేళ కూలివాడు ప్రార్థనకు పోతానంటే రైతుకు కలిగే ఆగ్రహంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని ఆ ఆగ్రహం వెనుక పంటనష్టం కన్నా పెద్ద భయం ఒకటి ఉన్నది: ఈనాడు ఒక దినం అడిగినవాడు రేపు ఇంకేమి అడుగుతాడో అని.

రెండవది మాంసాన్ని గూర్చినది. చచ్చిన గొడ్డు మాంసం మాదిగవానికి ఆహారం మాత్రమే కాదు, జీతంలో భాగం. అంటరానితనానికి లోకం చూపే సాకు కూడా అదే. దానిని విడిచిపెట్టడమంటే ఆకలిని కొనితెచ్చుకొనడము, సాకును తొలగించడము ఒకేసారి చేయడం. పస్తులుండే ఇంట్లో తల్లి ఈ నియమాన్ని పాటించడం ఎంత కఠినమో ఊహింపవచ్చు. శాకాహారి వ్రతమాచరించడం ఒకటి. తినడానికి మరేమీ లేనివాడు ఉన్నదానిని కాలదన్నడం మరొకటి. దశాబ్దాల తరువాత, 1927లో, మహద్ సత్యాగ్రహ సందర్భాన డాక్టర్ అంబేద్కర్ తన జనానికి చేసిన బోధలలో చచ్చిన పశువు మాంసం మానుమన్నది ఒకటి. ఒంగోలు పల్లెలలో ఆ విసర్జన అప్పటికి అరువది ఏళ్ళనాటి మాట.

మూడవది విగ్రహారాధన నిషేధం. దీనిలోని చిక్కు గుడిలో లేదు, డప్పులో ఉన్నది. మాదిగవానికి గుడిలోనికి ప్రవేశమే లేదు కనుక అతడు గుడికి పోవడం మానితే ఎవరికీ నష్టం లేదు. కాని అతడు జాతరలో డప్పు కొట్టనంటే జాతర ఆగిపోతుంది. ఊరికి అమ్మవారు పోసినా, వానలు కురియకపోయినా ఆ నింద అతనిమీద పడుతుంది. కనుక మూడవ నియమం అతనిని ఊరి భయాలన్నిటికీ ఎదురుగా నిలబెట్టినది. ఇక్కడ సాహిత్యజ్ఞులు తలచుకొనవలసిన నష్టం కూడా ఒకటున్నది. డప్పు దాస్య చిహ్నమే కాదు, ఒక కళ. పల్లె తాళజ్ఞానానికి నిధానం. ఆ నియమం దాస్యంతో పాటు కొంత కళను కూడా తోసివేసినది. శతాబ్దం గడచిన పిదప మాదిగ యువకులు డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా మరల చేతబట్టినారు. నాటి విసర్జన, నేటి స్వీకారము పరస్పర విరుద్ధాలు కావు. ఒకరు కొట్టుమన్నందుకు కొట్టనని చెప్పడము, తనకు తోచి కొట్టడము రెండూ ఒకే స్వాతంత్ర్యానికి రెండు ముఖాలు.

ఈ మూడు నియమాలకు ఊరు ఇచ్చిన సమాధానం కఠినమైనది. పంటవేళ మేర కొలవడం మానినారు. బీళ్ళలో పశువులను మేయనీయలేదు. నీటి తావులకు పోనీయలేదు. అంగడిలో సరుకులివ్వలేదు. కరణం, మునసబు చేతులలో అధికారం ఉన్నది కనుక దొంగతనమనో దౌర్జన్యమనో నేరం మోపి కచేరీలకు ఈడ్వడం సులభమైనది. దెబ్బలు తినినవారున్నారు, ఇండ్లు పోగొట్టుకొన్నవారున్నారు. కొందరు భయపడి వెనుకకు పోయినారు. ఆ మాట దాచవలసిన పనిలేదు. ధైర్యం అందరికీ అన్నివేళలా ఉండదు. ఉంటే దానికి విలువే లేదు. విశేషమేమంటే, తక్కినవారు పోలేదు. కరువు రాకమునుపే సంఘం ఎనిమిదిమంది నుంచి వేలకు పెరిగినది. ఈ వాస్తవాన్ని గుర్తుంచుకొంటే గాని తరువాతి వృత్తాంతం సరిగా బోధపడదు.

1876లో వానలు తప్పినవి. అది ధాత నామ సంవత్సరం. కనుక తెలుగువారు దానిని ధాత కరువన్నారు. రెండేళ్ళపాటు దక్షిణాపథం మాడిపోయినది. మద్రాసు రాజధానిలోనే సుమారు 35 లక్షలమంది మరణించినారని అంచనా. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో లార్డ్ లిట్టన్ చక్రవర్తిని దర్బారు వైభవంగా జరిపిస్తూ ఉండగా, ఇక్కడ కరువు పనులలోని కూలీలకు సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన బత్తెం రోజుకు ఒక పౌను ధాన్యము, దానికి తోడు ఒక అణా. అది ప్రాణం నిలుపజాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ తీవ్రంగా వాదించిన మీదట బత్తెం కొంత పెరిగినది. కరువు పనులలో ముఖ్యమైనది మద్రాసు నుంచి ఉత్తరాన కృష్ణా కాలువలతో కలిపే ఉప్పునీటి కాలువ త్రవ్వకం. నాటి గవర్నరు పేరిట అది బకింగ్‌హామ్ కాలువయైనది.

కాలువ పనులలో సైతం మాదిగ మాదిగయే. పైకులాల మేస్త్రీల కింద అతనికి కూలి పూర్తిగా దక్కదు, గౌరవం అసలే దక్కదు. క్లౌ తన పూర్వవిద్యను జ్ఞాపకం చేసుకొని, మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకొన్నాడు. పేరయ్య మొదలైన తెలుగు బోధకులనే పనిమీద పెద్దలుగా నియమించినాడు. మతభేదం లేక వచ్చినవారికల్లా పని దొరకినది; చేసిన పనికి కూలి దినదినము ముట్టినది. మాదిగ మేస్త్రీ పలుగుపార పట్టినవానిని తిట్టక, మధ్యాహ్నం కాసేపు కూర్చుండనిచ్చి, ఆ కాసేపట్లో క్రీస్తు మాట చెప్పినాడు. ఆ కాలువగట్టు మీద వేలమందికి మొదటిసారిగా తెలిసివచ్చినది తమబోటి మనిషి కూడా అధికారిగా ఉండవచ్చునని, అధికారి కూడా మర్యాదగా మాట్లాడవచ్చునని. బోధ అన్న పదానికి ఇంతకు మించిన అర్థం ఉండనవసరం లేదు.

ఇక్కడ క్లౌ, ఆయన సహచరులు చేసిన మరొక నిర్ణయం ఈ చరిత్రకంతకూ గీటురాయి వంటిది. కరువు సాగినంతకాలం బాప్తిస్మమిమ్మని వేలమంది అడిగినా ఒక్కరికీ ఇవ్వలేదు. సుమారు పదునైదు నెలలు అట్లా నిలిపివేసినారు. అన్నం కోసం మతం మారినారనే మాటకు తావీయరాదని వారి ఉద్దేశం. 1878 వేసవికి పనులు, సహాయధనము ముగిసినవి. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని, ఇండ్లకు పొమ్మని క్లౌ చెప్పినాడు. తాము అడుగుతున్నది ధనము కాదని, ఇంకను ఏ సహాయము కోరమని వచ్చినవారు బదులు చెప్పినారు. అప్పుడుగాని ద్వారం తెరువలేదు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3వ తేదీన 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఆ మూడు దినాలలో మొత్తం 3,536 మంది. ఏటిలో నిలిచి ఆ సంస్కారం జరిపినది క్లౌ కాదు; ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని జరిపినారు. అంతవరకు తాకరాదన్న చేతులు ఆనాడు వేలమంది శిరస్సులను తాకినవి.

అయినప్పటికీ "గంజి క్రైస్తవులు" అనే నింద వారిని విడువలేదు. ఇది తేలికగా త్రోసివేయదగిన నింద కాదు, తూచవలసినది. కరువులో అన్నం పెట్టిన చేయి మీద మనస్సు మొగ్గడం సహజం. ఆ కాలపు వేలమందిలో అట్టివారు లేరని చెప్పడం చరిత్ర కాదు. కాని మూడు విషయాలు ఆ నిందకు అడ్డుపడుతున్నవి. కరువుకు ముందు దశాబ్దకాలం మేర, మేత, నీరు పోగొట్టుకొని కూడా ఆ మతంలో నిలిచినవారున్నారు; వారికి మతం గంజి పెట్టలేదు, ఉన్న గంజిని పోగొట్టినది. కరువులో అన్నం దొరకుతున్నప్పుడు బాప్తిస్మం దొరకలేదు. బాప్తిస్మం దొరకిననాటికి అన్నం నిలిచిపోయినది. కరువు తీరిన పిదప ఆ సంఘాలు చెదరిపోలేదు, బడులు పెట్టుకొని తరతరాలు నిలిచినవి. అన్నిటికన్న ముఖ్యం, అన్నాన్ని, ఆత్మగౌరవాన్ని విడదీసి చూడగలగడం కడుపు నిండినవాని సౌకర్యం. తన్ను మనిషిగా చూసి పెట్టిన అన్నానికి, కుక్కకు వేసినట్లు వేసిన అన్నానికి గల తారతమ్యం ఆకలిగొన్నవానికే ఎక్కువ తెలుస్తుంది. 1930 దశకంలో సామూహిక మతస్వీకారం విషయమై గాంధీజీకి, దోర్నకల్ బిషప్ అజరయ్యకు కలిగిన తీవ్ర భేదాభిప్రాయంలోనూ ప్రశ్న ఇదే: పేదవాని నిర్ణయం నిర్ణయమేనా? ఒంగోలు చరిత్ర ఇచ్చే సమాధానం, దానికి అతడు చెల్లించిన మూల్యాన్ని చూసి తేల్చుకొనుమని.

తెలుగునాట జరిగినది ఒంటరి సంఘటన కాదు. ఈశాన్యాన ఛోటా నాగపూర్ పీఠభూమిలో ఇదే కాలంలో దాదాపు ఇదే కథ నడిచినది. గోస్నర్ మిషనుకు చెందిన నలుగురు జర్మనులు 1845లో రాంచీ చేరినారు. 1850లో నలుగురు ఉరావ్‌లు తొలి బాప్తిస్మం పొందినారు. 1857 విప్లవకాలంలో మిషనరీలు కలకత్తాకు తరలిపోగా, ఆదివాసి క్రైస్తవులు కొల్లలకు గురై అడవులలో తలదాచుకొన్నారు. వారు తిరిగి వచ్చి సంఘాన్ని నిలబెట్టుకొన్నారు. జమీందారులకు చేయవలసిన బేఠ్ బేగారీని, అంటే మన వెట్టినే, ఎదిరించిన పోరాటాలలో వారు ముందు నిలిచినారు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మను మిషనరీలను ప్రభుత్వం నిర్బంధించి పంపివేసినప్పుడు సంఘం దిక్కులేనిది కాలేదు. 1919 జూలై 10వ తేదీన తన పాలన తానే చేపట్టినది.

ఆ పీఠభూమి అంచుననే, సుబర్ణరేఖ ఒడ్డున, టాటాల ఉక్కు కర్మాగారం వెలసినది. సాక్చి పల్లె దగ్గర 1908లో నిర్మాణం మొదలైనది. 1912లో ఉక్కు పోతపోసినారు. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరైనది. బెంగాల్ నాగపూర్ రైలుమార్గం వెంట గంజాము, విశాఖ సీమలనుంచి తెలుగు కూలీలు, పనివారు అక్కడకు వలసపోయినారు. పట్టణం నదిని దాటి మాంగో వైపు విస్తరించినది. అటువంటి చోట తెలుగువాడు, ఉరావ్, ముండా, సంతాలు ఇరుగుపొరుగువారు. గుండ్లకమ్మ ఒడ్డు కథ, అడవిలో దాగిన 1857 నాటి కథ ఒకే వీధిలో కలుసుకొనడానికి వీలున్న తావు అది. భాషలు వేరైనా రెండు కథల సారాంశం ఒకటే: వెట్టి చేయనని చెప్పడానికి కావలసిన బలాన్ని ఆ నిరుపేదలు విశ్వాసంలో వెదకుకొన్నారు.

విశ్వాసం కలిగినంత మాత్రాన కులం పోలేదన్నది ఈ చరిత్రలోని చేదు. మిషనులు ప్రాంతాలుగా పంచుకొన్న కొలది మాల సంఘాలు, మాదిగ సంఘాలు వేరుపడినవి. దేవాలయం బయట నిలువబడినవాని కొడుకు చర్చిలో సైతం వెనుక వరుసలో కూర్చుండవలసిన తావులున్నవి. ఈ చేదును తెలుగు సాహిత్యంలో అందరికన్న ఎక్కువ రుచిచూసినవాడు గుర్రం జాషువ. 1895లో వినుకొండలో యాదవ తండ్రికి, మాదిగ తల్లికి జన్మించి, క్రైస్తవుడుగా పెరిగిన ఆయనను హిందూ సమాజం అంటరానివాడన్నది. హిందూ పురాణ వస్తువులమీద కావ్యాలు వ్రాసినందుకు క్రైస్తవ సమాజం దూరం పెట్టినది. 1941 నాటి "గబ్బిలం"లో ఒక అస్పృశ్యుని మొర గబ్బిలం నోట కాశీ విశ్వేశ్వరునికి చేరినది. ఆ కవియే "క్రీస్తు చరిత్ర" రచించి, 1964లో సాహిత్య అకాడమీ బహుమానం పొందినాడు. ఇరువైపులా తలుపులు మూసినవారి నడుమ నిలిచి, ఎవరినీ ద్వేషింపక, ఎవరికీ లొంగక పద్యం చెప్పడం కూడా ఒక సాక్ష్యమే. పేరయ్య ధైర్యం ఊరికి ఎదురు నిలిచినది. జాషువ ధైర్యం తనవారికి సైతం ఎదురు నిలువవలసి వచ్చినది.

మూల్యం చెల్లింపు అంతటితో ముగియలేదు. 1950లో వెలువడిన షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఆ హోదా కల్పించినది; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది గాని క్రైస్తవులకు విస్తరింపలేదు. ఆంధ్ర దేశంలో వారిని వెనుకబడిన తరగతులలో "సి" వర్గంగా చేర్చి 1 శాతం రిజర్వేషను కల్పించినారు. పల్లె మాత్రం వారిని ఏ తరగతిలో చూస్తున్నదో 1985లో కారంచేడు తెలిపినది. పాత ఒంగోలు సీమకే చెందిన ఆ ఊళ్ళో, మాదిగలు త్రాగే నీటి చెరువులో పశువుల కుడితి బకెట్లు కడుగరాదని అడ్డుకొన్నందుకు తగవు వచ్చినది. నీళ్ళబిందె ఎత్తి ఎదిరించిన స్త్రీ పేరు సువార్త. మరునాడు, జూలై 17వ తేదీన, భూస్వాముల దాడిలో ఆరుగురు దళితులు హతులైనారు. ప్రాణాలు దక్కినవారు చీరాలకు పోయి చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. ప్రధాన సాక్షియైన అలీసమ్మ తరువాత హత్యకు గురియైనది. 2008లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకు తక్కిన సాక్షులు నిలిచినారు. హతసాక్షి అనే క్రైస్తవ పదానికి ఆ పల్లె స్త్రీ మరణం నిఘంటువు అవసరం లేని అర్థం చెప్పినది.

ఇంత చరిత్రలో తెలుగు రచయితలకు సంబంధించిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. ఒంగోలు మాదిగ పెద్దల వృత్తాంతాలను వారి నోటివెంట విని సేకరించినది ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ. "చెప్పులు కుట్టుకొంటూ" అనే అర్థమిచ్చే పేరుతో 1899లో ఆమె ప్రకటించిన గ్రంథం ఇంగ్లీషులో ఉన్నది. ఆ పెద్దలు మాట్లాడినది తెలుగు; అది లోకానికి చేరినది ఇంగ్లీషై. ఏ మాటతో పేరయ్య తన వారిని ఒప్పించినాడో, ఏ నుడికారంతో ఆసామికి కాదని చెప్పినాడో ఆ గ్రంథం చెప్పలేదు. ఆ కాలంలోనే పురుషోత్తమ చౌదరి వంటివారు క్రీస్తును కర్ణాటక రాగాలలో కీర్తించి తెలుగు క్రైస్తవానికి పాట నిచ్చినారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఇల్లు వాకిలి విడిచి వచ్చిన ఆ కవి పాటలు తెలుగులోనే మిగిలినవి. అక్షరం రాని పేరయ్య మాటలు మిగులలేదు. ఎవరి ధైర్యం అచ్చుకెక్కినదో, ఎవరిది ఎక్కలేదో ఈ భేదమే చెబుతున్నది.

అయినా పూర్తిగా ఆలస్యమైపోలేదు. గుండ్లకమ్మ తీరపు పల్లెలలో, వలసపోయిన ఉక్కు పట్టణాల వాడలలో, కుటుంబాలలో తాతముత్తాతల ముచ్చట్లుగా ఈ కథలు ఇంకను వినిపించవచ్చును. వాటిని ఆ నోళ్ళ తెలుగులోనే వ్రాసి పెట్టడం సాహిత్యపు పని. మతాభిమానం గలవారు మహిమలు వెదకుతారు, లేనివారు గంజి మెతుకులు లెక్కపెడతారు. వ్రాసేవానికి కావలసినది ఈ రెండూ కాదు. పంటల వేళ, ఆదివారం ఉదయం, గింజలు లేని ఇంటి గడపలో నిలిచి, కబురు పంపిన ఆసామికి ఈ దినం రానని చెప్పిన మనిషి ఏ మాటలతో చెప్పినాడో అది కావాలి. తెలుగు సాంఘిక చరిత్రలో ఆ వాక్యం ఇంకా వ్రాయవలసియున్నది.